చవక ల్యాప్‌టాప్ - చిత్రసామర్థ్యం: ఒక చారిత్రక పరిశీలన (1972-2020)

వ్యాససంగ్రహం

తక్కువ ధరకు దొరికే ల్యాప్‌టాప్ గ్రాఫిక్ డిజైన్‌కూ తేలికపాటి ఆటలకూ పనికివస్తుందా అన్న ప్రశ్న నేటి విద్యార్థులకూ చిన్న డిజైనర్లకూ నిత్యం ఎదురయ్యేదే. వ్యాపార ప్రకటనల నుంచి పుట్టినట్లు కనిపించే ఈ ప్రశ్న వెనుక ఐదు దశాబ్దాల చరిత్ర ఉంది. 1972లో అలన్ కే ప్రతిపాదించిన డైనాబుక్ భావనలో బొమ్మ గీయడం, ఆట ఆడుకోవడం, చేత పట్టుకొని వెళ్ళడం, అందుబాటు ధర అనే నాలుగు లక్షణాలు కలిసి ఉన్నాయి. మార్కెట్టు వాటిని విడదీసింది. ధర తగ్గించే ప్రయత్నాలు జరిగినప్పుడు ఎక్కువగా తెర, గ్రాఫిక్స్ కోతకు గురయ్యాయి. తెరపై ప్రతి అక్షరాన్నీ బొమ్మగా గీయవలసిన తెలుగు వంటి లిపులకు ఆ కోత మరింత భారమైంది. విడిపోయిన లక్షణాలు తిరిగి ఎలా దగ్గరయ్యాయో, కోత ఇప్పుడు ఏ భాగాలకు మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ల్యాప్‌టాప్, డైనాబుక్, గ్రాఫిక్ డిజైన్, డీటీపీ, తెలుగు లిపి, నెట్‌బుక్, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్

1. ఉపోద్ఘాతం

దుకాణంలో ల్యాప్‌టాప్ పక్కన ఉంచే చీటీలో సాధారణంగా నాలుగు వివరాలు ఉంటాయి: ప్రాసెసర్ పేరు, ర్యామ్ పరిమాణం, స్టోరేజీ పరిమాణం, ధర. తెర ఎన్ని రంగులను నిజంగా చూపగలదో, ర్యామ్ ఒకే ముక్కగా ఉందో రెండు ముక్కలుగా ఉందో, గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ ఉందో లేదో ఆ చీటీ సాధారణంగా చెప్పదు. డిజైన్ పనికీ ఆటలకూ నిర్ణాయకమైనవి మాత్రం ఈ చెప్పని వివరాలే. కొనుగోలుదారుడికి అవసరమైన సమాచారానికీ, అతనికి అందే సమాచారానికీ మధ్య ఈ ఎడం ఎలా ఏర్పడిందో తెలియాలంటే చవక ల్యాప్‌టాప్ చరిత్రను తెర వైపు నుంచి చదవాలి.

ఈ వ్యాసంలో గ్రాఫిక్ డిజైన్ అంటే శుభలేఖలు, పుస్తకాల ముఖచిత్రాలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, సామాజిక మాధ్యమాల ప్రకటనలు వంటి రోజువారీ పనులు. తేలికపాటి ఆటలు అంటే ప్రత్యేకమైన గ్రాఫిక్స్ చిప్ లేకుండానే సాఫీగా నడిచేవి. ఈ రెండూ వేర్వేరు వ్యాసంగాలుగా కనిపించినా యంత్రాన్ని అడిగేది ఒకటే: తెరమీది లక్షలాది చుక్కలను సరైన రంగులో, తగినంత వేగంగా నింపడం. డిజైన్‌కు రంగుల నిక్కచ్చితనం ప్రధానం, ఆటకు వేగం ప్రధానం. ఆ రెండు శక్తులనూ కలిపి ఇక్కడ చిత్రసామర్థ్యం అని వ్యవహరించడం జరిగింది.

2. డైనాబుక్: కలిసి పుట్టిన నాలుగు లక్షణాలు

అమెరికాలోని పాలో ఆల్టోలో ఉన్న జెరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న అలన్ కే 1972లో అన్ని వయసుల పిల్లల కోసం ఒక వ్యక్తిగత కంప్యూటర్‌ను ప్రతిపాదిస్తూ ఒక పత్రం రాశాడు. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. నోటు పుస్తకమంత పరిమాణం, నాలుగు పౌండ్లకు లోపు బరువు, అచ్చు పుటకు దగ్గరగా వచ్చే స్పష్టత గల తెర, కదిలే బొమ్మలను చూపగల శక్తి, ఐదు వందల డాలర్ల ధర అతని లక్ష్యాలు. పత్రం ఆరంభంలోనే తొమ్మిదేళ్ళ పిల్లలిద్దరు తోటలో గడ్డిమీద పడుకొని, తమ యంత్రాలను ఒకదానితో ఒకటి కలుపుకొని అంతరిక్ష యుద్ధపు ఆట ఆడుతుంటారు. ఆ ఆట నుంచే వారికి గురుత్వాకర్షణ గురించిన సందేహం పుడుతుంది. ల్యాప్‌టాప్ గురించిన ఈ తొలినాటి ఊహలో ఆట చదువుకు అడ్డు రాలేదు, చదువుకు ప్రవేశద్వారమైంది.

ఆ ఊహ ప్రభావంతో 1973లో రూపొందిన జెరాక్స్ ఆల్టో యంత్రం బల్ల కింద అమర్చవలసినంత పెద్దది. అయితే దాని తెర అంతకుముందరి కంప్యూటర్ తెరల వంటిది కాదు. నిలువు కాగితం ఆకారంలో, అడ్డంగా 606, నిలువుగా 808 చుక్కలతో ఏర్పడిన ఆ తెరపై ప్రతి చుక్కకూ మెమరీలో ఒక స్థానం ఉంటుంది. దీన్నే బిట్‌మ్యాప్ పద్ధతి అంటారు. లెక్క వేస్తే ఆ తెరను నింపడానికే దాదాపు 60 కిలోబైట్లు కావాలి. యంత్రంలోని మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. అంటే మెమరీలో దాదాపు సగం తెరకే సరిపోయేది. తెరపై చిత్రం ఎందుకు ఖరీదైనదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. అక్షరాలను మాత్రమే చూపే యంత్రానికి రెండు కిలోబైట్లతో జరిగిపోయే పనికి చిత్రాన్ని చూపే యంత్రం ముప్పై రెట్లు వెచ్చించాలి. మెమరీ బంగారంతో సమానమైన ఆ కాలంలో ధర తగ్గించదలచిన తయారీదారుడి చూపు మొదట పడేది దీనిమీదే.

3. మోయగలిగిన యంత్రం, చాలని తెర (1981-1992)

1981 ఏప్రిల్‌లో ఆవిష్కృతమైన ఆస్బోర్న్ 1 వాణిజ్యపరంగా విజయం పొందిన తొలి పోర్టబుల్ కంప్యూటర్‌గా ప్రసిద్ధం. దాని నిర్మాత ఆడమ్ ఆస్బోర్న్‌కు దక్షిణ భారతంతో గాఢమైన అనుబంధం ఉంది. రమణ మహర్షిపై గ్రంథాలు రాసిన ఆర్థర్ ఆస్బోర్న్ కుమారుడైన అతని బాల్యం తిరువణ్ణామలైలో గడిచింది. అతను 2003లో కొడైకెనాల్‌లో మరణించాడు. ఆస్బోర్న్ 1 ధర 1,795 డాలర్లు. వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ వంటి సాఫ్ట్‌వేర్లను ఆ ధరలోనే కలిపి ఇవ్వడం కొనుగోలుదారులను ఆకట్టుకుంది. పదకొండు కిలోల బరువున్న ఆ పెట్టెలో తెర మాత్రం ఐదు అంగుళాలే. వరుసకు 52 అక్షరాల చొప్పున 24 వరుసలు చూపేది. ఉత్తరాలకూ లెక్కలకూ అది చాలింది. బొమ్మలకు చాలలేదు.

మరుసటి ఏడాది వచ్చిన గ్రిడ్ కంపాస్ నేటి ల్యాప్‌టాప్ ఆకారానికి ఆద్యం. బిల్ మాగ్రిడ్జ్ రూపకల్పనలో పుస్తకంలా తెరిచి మూసే పద్ధతి అందులో వచ్చింది. 320×240 చుక్కల ప్రకాశవంతమైన తెర గల ఆ యంత్రం ధర ఎనిమిది వేల డాలర్లకు పైమాటే. ప్రభుత్వ విభాగాలూ పెద్ద సంస్థలూ తప్ప సామాన్యులు దాన్ని కొనగలిగే స్థితి లేదు. ఈ రెండు యంత్రాలతోనే పోర్టబుల్ కంప్యూటర్ ముందు రెండు దారులు ఏర్పడ్డాయి: చవకగా ఉండి తెర చాలనిది ఒకటి, తెర బాగుండి ధర అందనిది రెండోది.

1991 అక్టోబరులో యాపిల్ విడుదల చేసిన పవర్‌బుక్ శ్రేణి ఈ విభజనను మరింత స్పష్టం చేస్తుంది. ఆ శ్రేణిలోని మూడు నమూనాలకూ 640×400 చుక్కల నలుపు-తెలుపు తెరలే. చవకైన 100, 140 నమూనాలకు ప్యాసివ్ మాట్రిక్స్ తెరలు అమర్చారు. వాటిపై మౌస్ బాణాన్ని వేగంగా కదిపితే దాని జాడ చెరిగిపోయేది. ఖరీదైన 170 నమూనాకు ప్రతి చుక్కకూ సొంత ట్రాన్సిస్టర్ గల యాక్టివ్ మాట్రిక్స్ తెర అమర్చారు. 170 ధర 4,599 డాలర్లు. అందులో దాదాపు సగం ధరకే 100 దొరికేది. ప్రాసెసర్ వేగంలోనూ తేడా ఉన్నా, కంటికి తెలిసే తేడా తెరలోనే ఉంది. కాగితంమీది సంఖ్య ఒకటే అయినా తెర నాణ్యత ఒకటి కాదన్న విషయం అప్పటికే రుజువైంది. 1992లో ఐబీఎం తెచ్చిన థింక్‌ప్యాడ్ 700సీ 10.4 అంగుళాల రంగుల యాక్టివ్ మాట్రిక్స్ తెరతో పేరు పొందింది. దాని ధర 4,350 డాలర్లు. రంగుల్లో పనిచేసే డిజైనర్‌కు ల్యాప్‌టాప్ అప్పటికి అందని వస్తువే.

4. తెలుగు అక్షరానికి గ్రాఫిక్స్ అవసరం

పాశ్చాత్య వాడుకరులకు గ్రాఫిక్స్ లేని కంప్యూటర్ అంటే బొమ్మలు లేని కంప్యూటర్. తెలుగు వాడుకరులకు అది అక్షరాలే లేని కంప్యూటర్. ఈ భేదం చవక యంత్రాల చరిత్రలో కీలకమైనది.

1981 నాటి ఐబీఎం పీసీ నలుపు-తెలుపు తెరపై వరుసకు 80 అక్షరాలు, 25 వరుసలు ఉండేవి. ప్రతి అక్షరానికీ అడ్డంగా 9, నిలువుగా 14 చుక్కల గడి మాత్రమే కేటాయింపు. యంత్రంలో శాశ్వతంగా నిక్షిప్తమైన అక్షరాల సంఖ్య 256. ముప్పై అయిదు హల్లులకు పన్నెండు గుణింతాల చొప్పున లెక్కించినా తెలుగులో రూపాలు 420 అవుతాయి. వీటికి వత్తులు అదనం. వత్తు అక్షరం కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది, కొమ్ము పక్కకు సాగుతుంది. ఒకే కొలత గల గడులలో ఈ లిపి ఇమడదు. ఇమడాలంటే తెరను గడులుగా విభజించడం మాని, ఆల్టోలో మాదిరిగా చుక్కలుగా పరిగణించాలి. అంటే తెలుగు అక్షరం తెరపై బొమ్మగానే అవతరించాలి.

ఈ సమస్యకు 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, ఆపైన పుణెలోని సీ-డాక్ చేపట్టిన జిస్ట్ పరిజ్ఞానం ఒక పరిష్కారం చూపింది. పీసీలో అదనంగా ఒక కార్డును అమర్చి భారతీయ లిపులను తెరపై చూపడం దాని పద్ధతి. డెస్క్‌టాప్‌లో ఆ కార్డుకు చోటుంది, ఆనాటి సాధారణ ల్యాప్‌టాప్‌లో లేదు. ఫలితంగా తెలుగు కంప్యూటర్ చాలాకాలం బల్లకే కట్టుబడి ఉండిపోయింది.

మరొక పరిష్కారం ముద్రణారంగం నుంచి వచ్చింది. 1985లో ఆల్డస్ పేజ్‌మేకర్, యాపిల్ లేజర్‌రైటర్, అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ కలిసి డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే కొత్త వృత్తిని సృష్టించాయి. అప్పటి లేజర్‌రైటర్ ధర ఒక్కటే 6,995 డాలర్లు. ఇంత ఖరీదైన సామగ్రిని ప్రతి రచయితా, ప్రతి చిత్రకారుడూ కొనడం అసాధ్యం కాబట్టి భారతదేశంలో డీటీపీ సెంటర్ అనే ఉమ్మడి వసతి ఏర్పడింది. తెలుగు పట్టణాలలో రాతప్రతిని ఆపరేటర్ చేతికిచ్చి, పక్కన కూర్చొని దిద్దించుకోవడం ఒక సాహిత్య అలవాటుగానే స్థిరపడింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఆ గదులలో జంటగా పనిచేశాయి. లాటిన్ అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టులను, గుడులను, వత్తులను అమర్చి, వాటిని పక్కపక్కన పేర్చి అక్షరంగా చూపడం ఆ ఫాంట్ల కిటుకు. బరువైన పనంతా ఫాంట్ రూపకర్త ముందే చేసిపెట్టడంతో సాధారణ పీసీ కూడా తెలుగు పుటను చూపగలిగింది.

1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించినా, విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో తెలుగుకు వ్యవస్థాపరమైన మద్దతు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. అదే ఏడాది వెలువడిన 7.0తో పేజ్‌మేకర్ అభివృద్ధి ముగిసింది. వృత్తి డిజైనర్ల ప్రధాన సాధనమైన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపుల కూర్పు 2012 నాటి సీఎస్6తో అందుబాటులోకి వచ్చింది. అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మారడాన్ని కేవలం భాషాసాంకేతిక నిర్ణయంగా చూడడం పరిపాటి. దాని వెనుక యంత్రం ఖర్చు కూడా ఉంది. పేజ్‌మేకర్ పాత కంప్యూటర్‌లోనూ హాయిగా నడుస్తుంది. యూనికోడ్ తెలుగును సక్రమంగా కూర్చే కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్లు కొత్త యంత్రాన్ని, ఎక్కువ ర్యామ్‌ను కోరుతాయి. పాత పద్ధతి ఇంకా కొనసాగడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు, చవకగా పని జరిగిపోవడం కూడా కారణమే.

5. ఆటలు ల్యాప్‌టాప్‌ను వీడిన కాలం (1993-2006)

1993లో వచ్చిన డూమ్ ఆట దృశ్యాలన్నింటినీ ప్రాసెసరే లెక్కించి గీసేది. కాబట్టి తగినంత వేగమైన ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా అది ఆడేది. 1996లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ చిప్ రాకతో దృశ్యాలను గీసే పని ప్రత్యేక కార్డుకు మారడం మొదలైంది. 1999లో వచ్చిన క్వేక్ 3 అరీనా అలాంటి కార్డు లేకుండా నడవనే నడవదు. అదే ఏడాది ఎన్‌విడియా తన జీఫోర్స్ 256ను గ్రాఫిక్స్ ప్రాసెసింగ్ యూనిట్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. ల్యాప్‌టాప్‌ల కోసం కూడా అలాంటి చిప్‌లు వెంటనే వచ్చినా అవి ఖరీదైన నమూనాలకే పరిమితమయ్యాయి. అప్పటి తెలుగు పట్టణాలలో యువకులు ఆటల కోసం నెట్ సెంటర్లకు వెళ్ళడంలో ఇంటర్నెట్టు కొరత ఎంత ఉందో, ఇంట్లో తగిన యంత్రం లేకపోవడమూ అంతే ఉంది. డిజైన్‌కు డీటీపీ సెంటర్ ఎలాంటిదో ఆటకు నెట్ సెంటర్ అలాంటిది. రెండూ చిత్రసామర్థ్యాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చిన స్థలాలే.

ఇందుకు సమాంతరంగా మరొక ధోరణి మొదలైంది. 1999లోనే ఇంటెల్ తన 810 చిప్‌సెట్‌లో గ్రాఫిక్స్‌ను అంతర్భాగం చేసి, విడిగా కార్డు కొనే అవసరాన్ని తప్పించింది. ఇది ప్రధాన ర్యామ్‌లోనే కొంత భాగాన్ని చిత్రం కోసం వాడుకుంటుంది. ధర తగ్గింది, శక్తీ తగ్గింది. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అనే మాట చాలా ఏళ్ళు బలహీనతకు పర్యాయపదమైంది.

ఆ బలహీనత వినియోగదారుల హక్కుల సమస్యగా మారిన ఘట్టం 2006-07లో కనిపిస్తుంది. విండోస్ విస్టా విడుదలకు ముందు అమ్మిన కొన్ని కంప్యూటర్లపై అవి విస్టాకు తగినవని తెలిపే చీటీలు అతికించారు. అందులో కొన్నింటి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ విస్టాలోని ప్రధానాకర్షణ అయిన ఏరో దృశ్యరూపాన్ని చూపలేకపోయింది. అమెరికాలో 2007లో ఈ విషయమై వ్యాజ్యం దాఖలైంది. 2008లో దానికి సామూహిక వ్యాజ్యం హోదా లభించినా, మరుసటి ఏడాది ఆ హోదా రద్దయింది. న్యాయపరమైన ఫలితం ఎలా ఉన్నా, చీటీమీది మాటకూ తెరమీది వాస్తవానికీ మధ్యనున్న దూరం తొలిసారి ఇంత బహిరంగంగా చర్చకు వచ్చింది.

6. వంద డాలర్ల స్వప్నం, నెట్‌బుక్, ఆకాశ్ (2005-2011)

2005లో దావోస్ వేదికపై నికొలస్ నెగ్రోపాంటే పిల్లలకు వంద డాలర్ల ల్యాప్‌టాప్‌ను ప్రకటించాడు. 2007లో ఉత్పత్తి మొదలైన ఆ ఎక్స్ఓ యంత్రం ఈ చరిత్రలో ఒక విలక్షణమైన మినహాయింపు. ప్రాసెసర్‌ను, మెమరీని, స్టోరేజీని బాగా తగ్గించినా, తెర విషయంలో మాత్రం రాజీపడకుండా కొత్త పరిశోధన చేశారు. మేరీ లూ జెప్సెన్ రూపొందించిన ఆ ఏడున్నర అంగుళాల తెర గదిలో రంగుల్లోనూ, ఎండలో నలుపు-తెలుపుల్లో 1200×900 చుక్కల స్పష్టతతోనూ కనిపించేది. అలన్ కే బృందం తయారుచేసిన ఈటాయ్స్ అనే బొమ్మల-ఆటల సాఫ్ట్‌వేర్ అందులో ఉండడం డైనాబుక్ వారసత్వానికి స్పష్టమైన సూచన. అయితే ఉత్పత్తి ధర వంద డాలర్ల వద్ద ఆగలేదు, దాదాపు రెట్టింపుకు చేరింది. భారత మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2006లోనే ఆ పథకంలో చేరడానికి నిరాకరించింది.

ఎక్స్ఓ కలిగించిన సంచలనాన్ని సొమ్ము చేసుకున్నది నెట్‌బుక్. 2007 అక్టోబరులో ఆసుస్ విడుదల చేసిన ఈపీసీ 701కు ఏడు అంగుళాల, 800×480 చుక్కల తెర, 512 మెగాబైట్ల ర్యామ్, 4 గిగాబైట్ల స్టోరేజీ ఉన్నాయి. ఎక్స్ఓ ఏ భాగంమీద శ్రద్ధ పెట్టిందో సరిగ్గా ఆ భాగాన్నే నెట్‌బుక్ కోసేసింది. ఆ ఏడాదే వచ్చిన ఫొటోషాప్ సీఎస్3 కనీసం 1024×768 చుక్కల తెరను కోరేది. అంటే డిజైన్ పనికి ఆ యంత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. తరువాతి నెట్‌బుక్‌ల 1024×600 తెరలు కూడా ఆ కొలతను అందుకోలేదు. వాటిలో చాలావాటికి 2009లో వచ్చిన విండోస్ 7 స్టార్టర్ సంచికలో డెస్క్‌టాప్ వెనుక చిత్రాన్ని మార్చుకునే వీలు కూడా ఉండేది కాదు. చవక యంత్రం కొన్నవాడికి తెరపై తనకు నచ్చిన బొమ్మ పెట్టుకునే స్వేచ్ఛ సైతం లేకుండా పోయింది. ఇక్కడ అడ్డు వచ్చింది యంత్రశక్తి కాదు. చవక యంత్రాన్నీ ఖరీదైన యంత్రాన్నీ వేరుచేసి చూపాలన్న వ్యాపార నిర్ణయమే.

2011 అక్టోబరు 5న భారత ప్రభుత్వం ఆకాశ్ టాబ్లెట్‌ను విడుదల చేసింది. తొలి విడత యంత్రాల కూర్పు హైదరాబాదులో జరిగింది. ఏడు అంగుళాల, 800×480 చుక్కల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్ దాని వివరాలు. ల్యాప్‌టాప్ కాకపోయినా విద్యార్థికి చవక యంత్రం అనే ఆశయంతో అది ఈ పరంపరలోకే వస్తుంది. నాలుగేళ్ళ కిందటి నెట్‌బుక్ తెర కొలతే ఇక్కడా పునరావృతమైంది. వేలిగోరుతో గట్టిగా నొక్కితే తప్ప స్పందించని రెసిస్టివ్ తెరపై బొమ్మ గీయడం విద్యార్థికి ప్రయాసే. పాఠాన్ని చదవడం ఒక్కటే పేద విద్యార్థి అవసరమనీ, గీయడం, రూపొందించడం, ఆడుకోవడం విలాసాలనీ భావించే ఆలోచన ఈ రూపకల్పనలలో అంతర్లీనంగా ఉంది.

7. ప్రాసెసర్‌లో కలిసిన గ్రాఫిక్స్ (2011-2020)

ఆకాశ్ విడుదలైన ఏడాదే విడిపోయిన లక్షణాలు తిరిగి కలిసే ప్రక్రియ మొదలైంది. 2011 జనవరిలో ఇంటెల్ శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ అదే సిలికాన్ పలకపైకి చేరింది. అదే ఏడాది ఏఎండీ తన ఏపీయూలతో ఆ మార్గంలోనే నడిచింది. చిత్రసామర్థ్యం ఇక విడిగా కొనే భాగం కాదు. ప్రాసెసర్‌తోపాటు వచ్చేది కావడంతో, ప్రాసెసర్ తరం మారినప్పుడల్లా చవక యంత్రపు గ్రాఫిక్స్ కూడా మెరుగైంది. 2017 చివర ఏఎండీ విడుదల చేసిన వేగా గ్రాఫిక్స్ గల ల్యాప్‌టాప్ రైజెన్ ప్రాసెసర్లు తేలికపాటి ఆటలకు ప్రత్యేక చిప్ అవసరాన్ని చాలావరకు తొలగించాయి.

ఈ మార్పులో ఆటల నిర్మాతలకూ పాత్ర ఉంది. 2020 జూన్‌లో విడుదలైన వాలరెంట్ ఆట కనీస అవసరంగా పేర్కొన్నది 2012 నాటి ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్‌నే. అంతకు ఇరవయ్యేళ్ళ కిందట క్వేక్ 3 ప్రత్యేక కార్డును తప్పనిసరి చేయగా, 2020లో ఎనిమిదేళ్ళ పాత సాధారణ ల్యాప్‌టాప్‌కు కూడా తలుపు తెరుచుకుంది. తేలికపాటి ఆట అనే వర్గం యంత్రాలు బలపడడంవల్లనే ఏర్పడలేదు. చవక యంత్రాలు గల కోట్లాదిమందిని వదులుకోరాదన్న నిర్మాతల గ్రహింపు కూడా దాన్ని ఏర్పరచింది.

2020 నవంబరులో యాపిల్ ఎం1 చిప్ ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ ఒకే మెమరీని ఉమ్మడిగా, అధిక వేగంతో అందించింది. ఫ్యాన్ లేని పలుచని మ్యాక్‌బుక్ ఎయిర్ వృత్తిపరమైన డిజైన్ పనిని చేయగలిగింది. అమెరికాలో దాని ప్రారంభ ధర 999 డాలర్లు, భారతదేశంలో 92,900 రూపాయలు. ఒక దేశంలో మధ్యతరగతికి అందుబాటులో ఉన్న ధర మరొక దేశంలో అందని ధర కావచ్చునని ఈ సంఖ్యలే చెబుతాయి. చవక అనే మాటకు సార్వత్రికమైన అర్థం లేదు.

8. చోటు మారిన కోత: తెర, మెమరీ

గ్రాఫిక్స్ చిప్‌ను ప్రాసెసర్ నుంచి విడదీసి తగ్గించే అవకాశం పోయాక, ఖర్చు తగ్గించే ప్రయత్నం చీటీపై కనబడని భాగాలకు మళ్ళింది. వాటిలో మొదటిది తెర. 1996లో రూపొందిన ఎస్ఆర్‌జీబీ ప్రమాణం రంగుల పరిధి పాత ఎన్‌టీఎస్‌సీ కొలతలో సుమారు 72 శాతం. చవక ల్యాప్‌టాప్‌లలో విరివిగా వాడే తెరలు అదే కొలతలో 45 శాతమే చూపుతాయి. ఆ తెరపై పనిచేసే డిజైనర్‌కు కుంకుమ ఎరుపు వెలిసినట్లు కనిపిస్తుంది. అతను దాన్ని మరింత ముదురు చేస్తాడు. అచ్చయి వచ్చిన ఫ్లెక్సీలో అది కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉంటుంది. తప్పు చేతిది కాదు, తెరది. నష్టం మాత్రం అతనిదే, మళ్ళీ అచ్చు వేయించే ఖర్చు అతనిమీదే పడుతుంది. టీఎన్ రకం తెరలలో పక్కనుంచి చూస్తే రంగు మారిపోవడం మరో ఇబ్బంది. ఐపీఎస్ రకంలో ఆ దోషం చాలా తక్కువ. అయితే ఐపీఎస్ తెరలలోనూ 45 శాతం రకాలు ఉన్నందున ఆ ఒక్క పేరు సరిపోదు. 1366×768 తెరలో పదిన్నర లక్షల చుక్కలు, 1920×1080లో ఇరవై లక్షలకు పైగా చుక్కలు ఉంటాయి. పుట మొత్తాన్నీ చూస్తూ చిన్న అక్షరాల వత్తులను సరిచూడవలసిన తెలుగు డిజైనర్‌కు ఈ భేదం ప్రధానమైనది.

రెండోది మెమరీ. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ప్రధాన ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ర్యామ్ వేగమే చిత్రవేగం. ఒకే ర్యామ్ ముక్క ఉన్న యంత్రంలో సమాచారం ఒకే దారిలో నడుస్తుంది. అంతే పరిమాణం రెండు ముక్కలుగా ఉంటే రెండు దారులు ఏర్పడి ఆటలలో స్పష్టమైన మెరుగుదల కనిపిస్తుంది. చీటీలో మాత్రం రెండు యంత్రాలకూ ఉండేది ఒకటే సంఖ్య. ర్యామ్‌ను బోర్డుకే అతికించిన నమూనాలలో తరువాత పెంచుకునే దారి కూడా ఉండదు.

గేమింగ్ ల్యాప్‌టాప్ అన్న పేరు కూడా నమ్మదగిన కొలమానం కాదు. తక్కువ ధర గల అలాంటి నమూనాలలో ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్‌కు ఖర్చుపెట్టి, తెరను 45 శాతం రకంతో సరిపెట్టడం సాధారణం. ఆటకు అది చెల్లుతుంది, రంగుల పనికి చెల్లదు. డిజైన్ ప్రధానమైనవారికి మంచి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్, పూర్తి ఎస్ఆర్‌జీబీ తెర గల సాధారణ యంత్రమే మేలు. లేకుంటే ఇంట్లో వాడుకోవడానికి మంచి మానిటర్‌ను విడిగా సమకూర్చుకోవడం తగిన పని.

యంత్రం ధరతో లెక్క ముగియదు. 2013లో అడోబీ తన డిజైన్ సాఫ్ట్‌వేర్ల కొత్త సంచికలను చందా పద్ధతికి మార్చడంతో ఖర్చు ఏటేటా పునరావృతమయ్యేదిగా మారింది. జింప్, ఇంక్‌స్కేప్, క్రీటా వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఆ భారాన్ని తగ్గిస్తాయి. అయితే అచ్చు పనులు చేసేవారు ముద్రణశాల కోరే ఫైళ్ళను, రంగుల విభజనను దృష్టిలో ఉంచుకొని సాఫ్ట్‌వేర్‌నూ యంత్రాన్నీ కలిపి ఎంచుకోవలసి ఉంటుంది.

9. ముగింపు

1. అలన్ కే ఊహలో బొమ్మ, ఆట, చలనశీలత, అందుబాటు ధర ఒకే యంత్రంలో కలిసి ఉన్నాయి. ఆ కలయిక ఆచరణలో సాధ్యం కావడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

2. ధర తగ్గించే క్రమంలో ఎక్కువగా కోతకు గురైనది చిత్రసామర్థ్యమే. ఆస్బోర్న్ తెర నుంచి నెట్‌బుక్, ఆకాశ్ తెరల వరకు ఈ ధోరణి కొనసాగింది. ఎక్స్ఓ యంత్రం గుర్తించదగిన మినహాయింపు.

3. తెలుగు వంటి లిపులకు గ్రాఫిక్స్ అలంకారం కాదు, అక్షరానికే ఆధారం. డీటీపీ సెంటర్లు వర్ధిల్లడంలోనూ, యూనికోడ్‌కు మారడంలో జాప్యం జరగడంలోనూ యంత్రాల ధరకు పాత్ర ఉంది.

4. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లో కలవడం, ఆటల నిర్మాతలు చవక యంత్రాలను లెక్కలోకి తీసుకోవడం అనే రెండు పరిణామాలు 2011-2020 మధ్య పరిస్థితిని మార్చాయి. ఆ తర్వాత కోత తెర రంగులకూ, ర్యామ్ అమరికకూ మారింది.

5. అందువల్ల ఎంపికలో మొదట అడగవలసిన ప్రశ్నలు తెర చూపే రంగుల శాతం, చుక్కల సంఖ్య, ర్యామ్ ముక్కల సంఖ్య, దాన్ని పెంచుకునే వీలు గురించినవి. ప్రాసెసర్ పేరు, స్టోరేజీ పరిమాణం ఆ తరువాతివి.

విద్యాసంస్థలు, ప్రభుత్వాలు విద్యార్థుల కోసం పెద్దసంఖ్యలో యంత్రాలు కొనే సందర్భాలలో టెండరు నిబంధనలు కూడా సాధారణంగా దుకాణపు చీటీ క్రమాన్నే అనుసరిస్తాయి. వాటిలో తెర రంగుల పరిధిని ఒక్క పంక్తిలో చేర్చితే, గ్రామీణ కళాశాల విద్యార్థి రూపొందించే ముఖచిత్రం అతను తెరపై చూసిన రంగుల్లోనే అచ్చవుతుంది. చదవడంతోపాటు గీయడం, ఆడుకోవడం కూడా విద్యార్థి హక్కుగా భావించిన 1972 నాటి ప్రతిపాదనకు అది ఆలస్యంగానైనా లభించే గుర్తింపు అవుతుంది.